రిబ్బన్ పక్షి అవుతుందా?

బెర్లిన్ గోడ కూలి 30 ఏళ్ళయిన సందర్భంగా, 2019 నవంబరులో బ్రాండెన్‌బర్గ్ గేటు దగ్గర రోడ్డు మీద ప్యాట్రిక్ షెర్న్ అనే కళాకారుడు గాల్లో ఒక పెద్ద వల కట్టాడు. పొడవు సుమారు 150 మీటర్లు. దానికి లక్ష దాకా రిబ్బన్లు. వాటిలో దాదాపు 30 వేల రిబ్బన్ల మీద జనం చేతిరాతతో రాసిన మాటలు. పేరు 'విజన్స్ ఇన్ మోషన్'. గాలి వీస్తే మొత్తం పక్షుల గుంపులా మెలికలు తిరుగుతుంది. వీడియో చూపిస్తే ఎవరైనా "అచ్చం పక్షుల్లానే ఉంది కదరా" అంటారు.

నాకైతే ఆ పోలిక సగమే నిజం అనిపిస్తుంది.

స్టార్లింగ్ పిట్టలు మన గోరింకలకి చుట్టాలు. రోమ్ ఆకాశంలో వాటి గుంపుల్ని ఫొటోలు తీసి, లెక్కలు కట్టి, 2008లో ఇటలీ శాస్త్రవేత్తలు ఒక సంగతి చెప్పారు: ఒక్కో పిట్ట తనకి దగ్గరగా ఉన్న ఆరేడు పిట్టల్నే గమనిస్తుంది. లీడరంటూ ఎవరూ లేరు. అయినా వేల పిట్టలు కలిసి మలుపు తిరుగుతాయి.

రిబ్బన్ అలా కాదు. ఒక కొస వలకి కట్టేసి ఉంటుంది. పక్కదాన్ని చూడదు. గాలి ఎటంటే అటు. మన భాషలో చెప్పాలంటే, పిట్టకి ఫీడ్‌బ్యాక్ ఉంది, రిబ్బన్‌కి ఇన్‌పుట్ మాత్రమే ఉంది.

"ఆర్ట్‌ని ఆర్ట్‌లా చూడు, ప్రతిదానికీ సర్క్యూట్ గీయకు" అంటారేమో. కానీ ఇక్కడ ఆ తేడానే అసలు విషయం. 1989 అక్టోబరు 9న లైప్‌జిగ్‌లో సుమారు 70 వేల మంది వీధిలోకి వచ్చారు. కాల్పులు జరుగుతాయేమోనన్న భయం అందరిలోనూ ఉంది. పక్కవాళ్ళు నడుస్తుంటే ధైర్యం తెచ్చుకుని నడిచారు. సరిగ్గా నెలకి, బెర్లిన్‌లోని బోర్న్‌హోల్మర్ వీధిలో జనం ఒత్తిడికి, పైనుంచి ఆర్డరు రాకపోయినా కాపలావాళ్ళే గేటు తెరిచారు. ఆ గోడ గాలికి పడిపోలేదు.

అందుకే ఆ కళాఖండాన్ని నిలబెట్టింది గాలి కాదు, చేతిరాత అంటాను. కింద నిలబడి ఆ అక్షరాలు చదవడం కష్టమే. అయినా ఒక్కో మాట వెనక ఒక మనిషి పెన్ను పట్టుకుని ఏం రాయాలా అని ఆలోచించాడు. అందులో పిట్ట అంటూ ఉంటే, అది ఆ ఆలోచనే.

మన ఫెస్టుల్లోనూ గొడుగులో, కాగితం పిట్టలో వేలాడదీస్తాం. సెల్ఫీలయ్యాక చెత్తబుట్టే. ఈసారి కట్టేముందు ఒక్కో పిట్ట మీద ఒక్కొక్కరిచేత ఒక వాక్యం రాయిద్దాం. ఫార్వర్డ్ వద్దు, సొంతది.