పాలపిట్ట ఎంత నీలం?

దసరా వస్తే చాలు, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ జనాల ఫోన్లలో పాలపిట్ట ఫోటోలే ఫోటోలు. కింద ఓ తీర్పు కూడా: "మా ఊరి పిట్ట చూడండి ఎంత నీలమో, సిటీ పిట్ట పొల్యూషన్‌కి వెలిసిపోయింది." సాఫ్ట్‌వేర్ వాళ్ళు సైతం కలర్ పికర్‌తో ఆర్‌జీబీ అంకెలు తీసి సాక్ష్యం అంటుంటే ఒళ్ళు మండుతుంది.

అంకె వచ్చినంత మాత్రాన కొలత అయిపోదండీ. ఆటో వైట్ బ్యాలెన్స్ రంగుల్ని తనిష్టానికి మార్చేస్తుంది. జేపెగ్ విలువలేమో లీనియర్ కావు: ఎస్‌ఆర్‌జీబీలో 200 అంటే 100కి రెట్టింపు వెలుగు కాదు, దాదాపు నాలుగున్నర రెట్లు. పైగా ఆ నీలం రంగుపదార్థం కాదు, ఈకలోని సూక్ష్మ నిర్మాణం వెలుగుని చెదరగొడితే వచ్చేది.

పోల్చాలంటే దారుంది. రా ఫైలు తియ్యండి, అదే వెలుగులో గ్రే కార్డు పెట్టండి, లీనియర్ విలువల్ని దాంతో భాగించండి. ఈ పని కోసమే 2015లో ట్రోషాంకో, స్టీవెన్స్ ఇమేజ్‌జెకి ఉచిత టూల్ ఇచ్చారు. అప్పుడు కూడా అది మన కంటి లెక్కే. పక్షులకి కనిపించే అతినీలలోహితం మామూలు కెమెరాకి అందదు.

ఇదంతా ఎందుకంటారా? సిటీ ఫోటోల్లో కొన్ని పండక్కి పట్టి తెచ్చిన పంజరం పిట్టలవి. వాటి ఈకలు నలిగితే నేరం పొగ మీద వేసేస్తున్నాం, పట్టినవాడు తప్పించుకుంటున్నాడు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పట్టడమే నేరం. పంజరం పిట్టకి డబ్బులివ్వకండి. ఎగిరే పిట్ట కనిపిస్తే దణ్ణం పెట్టుకోండి, చాలు. ఏమంటారు?