ఖాళీ కార్ట్రిడ్జికి వెల ఉంది

లోపలి టోనర్ పొడి ఖాళీ అయిన లేజర్ ప్రింటర్ కార్ట్రిడ్జిని చెత్తలో వెయ్యకండి. దానికి గిరాకీ ఉంది. హెచ్‌పీ 12ఏ సంగతే చూడండి. కొత్తది సుమారు 2,000 పేజీలు అచ్చువేస్తుంది. ఆ తర్వాత అందులో లేనిది పొడి మాత్రమే. డ్రమ్ము, రోలర్లు, పెంకు చాలావరకు బాగానే ఉంటాయి.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీ చుట్టుపక్కల రీఫిల్ చేసే కుర్రాళ్ల చేతిపని చూసి తీరాలి. పిన్నులు లాగి కార్ట్రిడ్జిని రెండుగా విడదీస్తారు. వాడగా మిగిలిన పొడి పేరుకున్న అరను దులుపుతారు. డ్రమ్ము మీద గీతలు పడితే మారుస్తారు, బ్లేడు అరిగితే కొత్తది వేస్తారు, పొడి నింపి ఒక పేజీ తీసి చూపిస్తారు. జిరాక్స్ షాపులు, చిన్న ఆఫీసులు నడుస్తున్నది ఈ పని పుణ్యానే. ఆ పొడి ప్లాస్టిక్, కార్బన్ కలిసిన సన్నటి ధూళి. రోజంతా దాన్ని పీల్చేవాళ్లకు యజమానులు మంచి మాస్కు ఇచ్చి తీరాలి. రీఫిల్ ధరలో ఆ ఖర్చు కలిసినా నాకు అభ్యంతరం లేదు.

ఇదే ఖాళీ కార్ట్రిడ్జిని నాసిరకం పొడితో నింపి, అసలు కంపెనీ డబ్బాలో పెట్టి కొత్తదని అమ్మేవాళ్లూ ఉన్నారు. అందుకే డబ్బా చింపేశాకే బయట పడెయ్యండి. రీఫిల్‌ని రీఫిల్ అని చెప్పి అమ్మేవాడి పొట్ట కొట్టేది ఈ దొంగ సరుకే.

అంతకన్నా పెద్ద దెబ్బ, కార్ట్రిడ్జికి కంపెనీలు అతికించే చిప్పుది. అమెరికాలో లెక్స్‌మార్క్ కంపెనీ, ఒక్కసారే వాడాలన్న షరతుతో కార్ట్రిడ్జిలు తగ్గింపు ధరకు అమ్మింది. ఖాళీవి కొని, మళ్లీ నింపి అమ్మిన ఇంప్రెషన్ ప్రొడక్ట్స్ అనే చిన్న సంస్థ మీద కేసు వేసింది. అమ్మేశాక ఆ వస్తువు మీద పేటెంటు హక్కు మిగలదని 2017 మేలో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. కానీ ఆ తీర్పు చిప్పుల జోలికి పోలేదు. ఇవాళ చాలా ప్రింటర్లు చిప్పు నచ్చకపోతే, లోపల పొడి నిండుగా ఉన్నా పనిచెయ్యవు. కొన్నవాడి సొత్తుకు అమ్మినవాడు వేసిన తాళమది. నాకది అన్యాయంగానే కనిపిస్తుంది.

మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల జాబితాలో ప్రింటర్లతోపాటు కార్ట్రిడ్జిలూ ఉన్నాయి. పాతవాటిని బాగుచేసేవారికీ అందులో చోటిచ్చారు. ఇక కదలాల్సింది వేలల్లో ప్రింటర్లు కొనే ప్రభుత్వ కార్యాలయాలు. రీఫిల్‌ను అడ్డుకునే ప్రింటరు కొనబోమని టెండర్లో ఒక్క వాక్యం రాయండి. స్టోర్‌రూముల్లో మూలుగుతున్న ఖాళీలను నమోదైన రీఫిల్ యూనిట్లకు వేలం వెయ్యండి.