తూము ఎత్తేదెవరు?

శింగనమల చెరువు కింద సేద్యం చేసే రైతుకు చెరువు నిండడం వేరు, తూము ఎత్తడం వేరు. వాన కురిసి, కట్ట నిలిచి, అలుగు పారినా, తూము ఎత్తకపోతే మడి తడవదు. కరవుసీమలో పుట్టిన పసివాడికి కూడా ఈ సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. శాసనసభలు చేసే చట్టాలకు కూడా రాజ్యాంగంలో ఇటువంటి తూము ఒకటున్నది. అది 200వ అధికరణం. సభ ఆమోదించిన బిల్లుపై గవర్నర్ సంతకం చేయవచ్చు, సభకు తిప్పి పంపవచ్చు, లేదా రాష్ట్రపతి పరిశీలనకు పంపవచ్చు. ఏదీ చేయకుండా బిల్లును పక్కన పెట్టి కూర్చుంటే ఏమవుతుందన్న ప్రశ్న ఇటీవలి సంవత్సరాలలో న్యాయస్థానం మెట్లెక్కింది.

తెలుగునాట ఆ మెట్లెక్కినది తెలంగాణ. నాటి గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ వద్ద పది బిల్లులు నిలిచిపోయాయంటూ ఆ రాష్ట్ర ప్రభుత్వం 2023 మార్చిలో సుప్రీంకోర్టును ఆశ్రయించింది. వ్యాజ్యం నడుస్తుండగానే కొన్ని బిల్లులకు కదలిక వచ్చింది. అధికరణంలోని 'వీలైనంత త్వరగా' అన్న మాటకు రాజ్యాంగపరమైన బరువున్నదనీ, అధికారస్థానాలలో ఉన్నవారు దానిని గుర్తుంచుకోవాలనీ చెప్పి ఏప్రిల్ 24న న్యాయస్థానం ఆ కేసును ముగించింది. తరువాత తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్ 8న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం మరింత ముందుకు వెళ్ళి గడువులు విధించింది, పది బిల్లులు ఆమోదం పొందినట్లే భావించాలన్నది. ఆ ఉత్సాహం ఎన్నాళ్ళో నిలువలేదు. రాష్ట్రపతి పంపిన పద్నాలుగు ప్రశ్నలకు జవాబుగా అదే ఏడాది నవంబర్ 20న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గవర్నర్‌కు గానీ రాష్ట్రపతికి గానీ న్యాయస్థానం గడువు పెట్టజాలదనీ, సంతకం లేని బిల్లును సంతకమైనట్లు భావించడం కుదరదనీ అభిప్రాయం చెప్పింది. అయితే ఒక చిన్న కిటికీ తెరిచి ఉంచింది. గవర్నర్ అకారణంగా, సుదీర్ఘకాలం నిర్ణయం తీసుకోకుంటే, బిల్లు మంచిచెడ్డల జోలికి పోకుండా 'నిర్ణయం తీసుకోండి' అని మాత్రం ఆదేశించవచ్చునన్నది.

ఇది గవర్నర్లకు, ముఖ్యమంత్రులకు మధ్య తగవు, మనకెందుకని అనుకునేవారు మన సమాజంలో చాలామంది ఉన్నారు. వారు రెండు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూడాలి: 2007, 2017.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషన్ కల్పించిన చట్టం 2007 నాటిది. దానికి గవర్నర్ సంతకం పడింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని కొట్టివేసింది. అయినా కథ ముగియలేదు. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో పద్నాలుగు వర్గాలకు ఆ సదుపాయం కొనసాగింది. చట్టం చేతిలో ఉన్నది కనుక దానికోసం వాదించే అవకాశం దక్కింది.

ఇక 2017 ఏప్రిల్ 16న తెలంగాణ శాసనసభ ప్రత్యేక సమావేశంలో ముస్లింల కోటాను పన్నెండు శాతానికి, గిరిజనుల కోటాను పది శాతానికి పెంచుతూ బిల్లు ఆమోదించింది. అందులో ముస్లింల కోటా పెంపునకు సుధీర్ కమిషన్ నివేదిక ఒక ఆధారం. బిల్లు రాష్ట్రపతి ఆమోదానికి ఢిల్లీకి వెళ్ళింది, ఆమోదముద్ర పొందలేదు. కొట్టివేసిన చట్టం మీద అప్పీలు చేసుకోవచ్చు. నిలిచిపోయిన బిల్లు మీద అప్పీలు ఎక్కడ చేసుకోవాలి? అది రాజ్యాంగబద్ధమో కాదో తేల్చే తీర్పు కూడా రాదు. ఓడిపోయే హక్కు కూడా లేని ఓటమి ఇది.

యాభై శాతం పరిమితి దాటే బిల్లు కనుక ఆలస్యం సహజమనే వాదన ఉన్నది. కానీ తమిళనాడు 69 శాతం బిల్లు 1993 డిసెంబర్ చివర సభలో ఆమోదం పొంది, 1994 జులైలో రాష్ట్రపతి సంతకం పొందింది. ఏడు నెలలు కూడా పట్టలేదు.

గవర్నర్ అడ్డు ఒకందుకు మేలేననీ, మెజారిటీ తొందరపాటు నుండి అల్పసంఖ్యాకులను కాపాడుతుందనీ కొందరు పెద్దలు అంటారు. మన సరిహద్దుకు అటుపక్కనున్న కర్ణాటకను చూద్దాం. 2022లో మతమార్పిడుల ఆర్డినెన్సును మంత్రివర్గం మే 12న ఆమోదిస్తే, గవర్నర్ థావర్‌చంద్ గెహ్లోత్ 17న సంతకం చేశారు. 2025లో ప్రభుత్వ కాంట్రాక్టులలో ముస్లింలకు నాలుగు శాతం కేటాయించే బిల్లు అదే గవర్నర్ ముందుకు వస్తే, మతం ఆధారంగా రిజర్వేషన్ కుదరదంటూ రాష్ట్రపతికి పంపారు. ఆ అభ్యంతరం సరైనదే కావచ్చు, కాకపోవచ్చు. దానిని తేల్చవలసినది న్యాయస్థానం. కాపలా ఏ దిక్కున నిలబడిందో మాత్రం పాఠకులే చూడవచ్చు. గవర్నర్ ఏ మతస్థుడన్నది కూడా ఇక్కడ ప్రశ్న కాదు. తూము తాళం ఒక్కరి చేతిలో, లెక్క చెప్పనక్కరలేకుండా ఉండడమే ప్రశ్న.

నిందను ఢిల్లీ గుమ్మంలోనే దించి పోవడం మాత్రం న్యాయం కాదు. 2017 బిల్లులోని గిరిజన కోటాను తెలంగాణ ప్రభుత్వమే 2022 సెప్టెంబర్ 30న ఉత్తర్వు ద్వారా పది శాతానికి పెంచింది. గిరిజనులకు ఆ న్యాయం జరిగినందుకు మనకు సంతోషమే. కానీ అదే బిల్లులోని మరొక సగానికి ఎవరూ అటువంటి చొరవ చూపలేదు. సభలో బల్లలు చరచి బిల్లు ఆమోదించడం తేలిక, దాని వెంట నడవడం కష్టం.

మన నియోజకవర్గంలోని గార్లదిన్నె మండలం ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, లోక్‌సభ స్పీకర్, తరువాత రాష్ట్రపతి. బిల్లు పుట్టే సభనూ, అది ఆగే కుర్చీనీ రెండింటినీ చూసినవాడు. ఆ ఊరి పొలిమేరలో నిలబడి మన శాసనసభ్యులను కొన్ని ప్రశ్నలు అడగడానికి వెనుకాడనక్కరలేదు. సభ ఆమోదించిన ప్రతి బిల్లు గవర్నర్ వద్దకు చేరిన తేదీ, అక్కడి నుండి కదిలిన తేదీ ప్రజలకు తెలిసేలా ఎందుకు ప్రకటించరు? న్యాయస్థానం తెరిచి ఉంచిన ఆ చిన్న కిటికీని వాడుకోవడానికి ఎన్ని నెలలు ఆగాలో ప్రభుత్వం ముందే ఎందుకు నిర్ణయించుకోదు? 2007 చట్టంపై సుప్రీంకోర్టులో ఉన్న కేసుకు రెండు తెలుగు రాష్ట్రాలు ఏ సన్నాహం చేశాయి?

ఈ చివరి ప్రశ్న దూరపు విషయం కాదు. శింగనమలలోనో నార్పలలోనో బీసీ-ఇ ధ్రువపత్రం తీసుకొని కౌన్సెలింగ్‌కు బయలుదేరే మన ఆడపిల్ల చేతిలోని ఆ కాగితం నేటికీ 2010 నాటి మధ్యంతర ఉత్తర్వు మీదనే నిలిచి ఉన్నది.