‘టక్’ మనే శబ్దానికి ఫీజు కట్టకండి

ఎథిక్స్ కేస్ స్టడీల సిరీస్‌కి ఈ వారం విరామం. మీ మెడ గురించి మాట్లాడాలి. నవ్వకండి. రీడింగ్ రూమ్‌లో ఓసారి చుట్టూ చూడండి. ఒకరు మెడ పట్టుకుని అటూ ఇటూ తిప్పుతుంటారు, ఇంకొకరు కణతలకు బామ్ రుద్దుకుంటుంటారు, మూడోవాళ్లు పుస్తకం మీదకి కొక్కెంలా వంగిపోయి ఉంటారు. వీళ్లందరి మీదా కన్నేసిన సరుకు ఒకటి రీల్స్‌లో తెగ తిరుగుతోంది. కోటు వేసుకున్న ఒకాయన మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టి, మెడను ఒక్క గుంజు గుంజుతాడు. టక్! పడుకున్నవాడు లేచి నవ్వుతాడు. మెడనొప్పి, తలనొప్పి, వంగిన భుజాలు, అన్నింటికీ ఇదే మందట. పేరు కైరోప్రాక్టిక్.

నేను చదువుకునే కామ్‌రేజ్ దాకా ఈ మోజు వచ్చేసింది. మా పీజీలో ఒక అన్న సిట్టింగుల ప్యాకేజీకి ముందే మొత్తం కట్టేశాడు. అది టెస్ట్ సిరీస్ కోసం ఇంటి నుంచి వచ్చిన డబ్బు. ప్రతి సిట్టింగ్ తర్వాత ఒకరోజు హాయిగా ఉంటుంది, మూడో రోజుకి మెడ మళ్లీ పట్టేస్తుంది. ‘ఇంకో కోర్సు కావాలి’ అన్నారట.

నేననేది ఒక్కటే. మెడనొప్పి, తలనొప్పి, కూర్చునే తీరు మూడూ వేర్వేరు సమస్యలు. మూడింటినీ ఒక మూటగట్టి, ఒకే గుంజుతో నయం చేస్తానంటే అది వైద్యం కాదు, వ్యాపారం.

ముందు చరిత్ర. 1895లో అమెరికాలోని డేవెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ అనే ఆయన, ఒక చెవిటి మనిషి వెన్ను సర్ది వినికిడి తెప్పించానని చెప్పుకుని ఈ పద్ధతి మొదలుపెట్టాడు. నూటికి 95 జబ్బులకు మూలం వెన్నుపూస పక్కకి జరగడమే అన్నాడు. ఆ సిద్ధాంతం ఇప్పుడు ఎక్కడుంది? జబ్బులకు అదే కారణమనడానికి క్లినికల్ ఆధారం లేదని బ్రిటన్‌లో ఈ వృత్తినే నియంత్రించే జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిల్ 2010లో తేల్చి చెప్పింది. మన రీల్స్‌లో మాత్రం ‘జరిగిన ఎముక సెట్ అయింది’ అంటూనే ఉన్నారు. ఆ టక్ శబ్దం ఎముక సర్దుకున్నది కాదు. కీలు ఒక్కసారిగా విచ్చుకున్నప్పుడు లోపలి ద్రవంలో వాయువుతో చిన్న ఖాళీ ఏర్పడుతుంది, దాని చప్పుడు. వేళ్ల మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ అదే. దానికి మీరెప్పుడైనా ఫీజు కట్టారా?

అయితే ఇందులో ఏమీ లేదని కొట్టిపారేయడం కూడా అబద్ధమే అవుతుంది. 2012లో ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్‌లో 272 మంది మెడనొప్పి రోగుల మీద జరిగిన ప్రయోగం వచ్చింది. 12 వారాల్లో మందుల కంటే మెడ సర్దే చికిత్సే బాగా పనిచేసింది. దీన్ని ప్రకటనల్లో వాడుకోవచ్చు. వాడుకోని సగం ఏమిటంటే, ఇంట్లో చేసుకోమని రెండు సిట్టింగుల్లో వ్యాయామాలు నేర్పిన గుంపుకి కూడా దాదాపు అంతే ఫలితం వచ్చింది. ఒకచోట నెలల తరబడి డబ్బు, ఇంకోచోట మీ గదిలో కాసేపు ఓపిక. నెల ఖర్చు కాగితం మీద లెక్క వేసుకుని బతికే మనం దేన్ని ఎంచుకోవాలి?

తలనొప్పి కథ ఇంకా బలహీనం. మెడలోంచి పుట్టే తలనొప్పికి కొంత ఉపయోగం కనిపించిన మాట నిజం. కానీ మైగ్రేన్ విషయంలో 2017లో ప్రచురితమైన నార్వే ప్రయోగంలో, 104 మందిలో అసలు చికిత్స పొందినవాళ్లకీ ఉత్తుత్తి చికిత్స పొందినవాళ్లకీ తేడా లేదు. మనలో చాలామంది తలనొప్పికి కారణం కళ్లజోడు పవర్, తెగిపోయిన నిద్ర, భోజనం మానేసి తాగే టీలు. ఇంకోటి, దీన్ని ఎవరూ చెప్పరు: నెలకు 15 రోజులకు మించి మామూలు నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే ఆ మాత్రల వల్లే తలనొప్పి వస్తుంది.

ఇక కూర్చునే తీరు. తల 60 డిగ్రీలు వంచితే మెడ మీద 27 కిలోల భారం పడుతుందన్న బొమ్మ మీరు చూసే ఉంటారు. 2014లో ఒక అమెరికన్ సర్జన్ వేసిన కంప్యూటర్ మోడల్ లెక్క అది, నొప్పి ఉన్న మనుషుల్ని పరీక్షించి తేల్చింది కాదు. ఇంజినీరింగ్ చదివినవాడిగా చెప్తున్నా, మోడల్‌ని కొలత అనుకోకూడదు. ఒకే భంగిమలో గంటలు గడపడమే అసలు చిక్కు, ఆ భంగిమ ఎంత నిటారుగా ఉన్నా సరే. వారానికోసారి టక్‌మనిపిస్తే మిగతా గంటలన్నీ ఎవరు కూర్చుంటారు?

ప్రమాదం సంగతి విడిగా చెప్పాలి. మెదడుకు రక్తం తీసుకెళ్లే వర్టిబ్రల్ ధమనులు మెడ పూసల రంధ్రాల గుండానే పైకి వెళ్తాయి. వాటి లోపలి పొర చీలితే పక్షవాతం రావచ్చు, పాతికేళ్ల వాళ్లకైనా. మెడ గుంజడం వల్లే చీలిందా, లేక చీలిక మొదలై నొప్పి పుట్టాకే మనిషి అక్కడికి వెళ్లాడా అన్నది ఇంకా తేలలేదు. అరుదైన సంగతే. అయినా ఈ సంబంధం గురించి రోగికి ముందే చెప్పాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో సూచించింది. మా అన్నకు ఎవరూ చెప్పలేదు. సెలూన్‌లో తలకు మసాజ్ చేసి చివర్లో మెడ విరిచేవాళ్లు అసలే చెప్పరు.

ఇక జీఎస్-2లోకి రండి. ఈ వృత్తికి కనీసం 4,200 గంటల పూర్తిస్థాయి శిక్షణ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే మార్గదర్శకాలిచ్చింది. మన దగ్గర అల్లోపతికి 2019 చట్టం, భారతీయ వైద్యానికీ హోమియోపతికీ 2020 చట్టాలు, ఫిజియోథెరపీ వంటి వాటికి 2021 చట్టం ఉన్నాయి. కైరోప్రాక్టిక్‌కి ప్రత్యేక చట్టబద్ధ మండలి లేదు. వృత్తుల నియంత్రణ ఉమ్మడి జాబితా 26వ అంశం కాబట్టి కేంద్రమూ రాష్ట్రమూ రెండూ చెయ్యవచ్చు. పూనమ్ వర్మ కేసులో (1996) తనకు తెలియని వైద్య పద్ధతిలో చికిత్స చేసేవాడు నకిలీ వైద్యుడే అని సుప్రీంకోర్టు అంది. కానీ ఇక్కడ తెలిసిందా లేదా అని తేల్చే రిజిస్టరే లేదు! పుత్తూరు కట్టుకు కూడా రిజిస్టర్ లేదు కదా అంటారేమో. నిజమే, కానీ ఆ కట్టు కట్టేవాళ్లు కోటు వేసుకుని పేరు ముందు ‘డాక్టర్’ అని రాసుకోరు.

నాకు అసలు కోపం ఇంకోచోట ఉంది. సూరత్‌లో మెడనొప్పి మనకంటే ముందు ఎవరిది? వరాఛాలో ఘంటీ ముందు కూర్చుని, కంటికి భూతద్దం పెట్టుకుని, రవ్వంత రాయి మీద రోజంతా వంగి ఉండేవాడిది. లింబాయత్‌లో మగ్గాల దగ్గర షిఫ్టంతా నిలబడే మన తెలుగు నేత కుటుంబాలది. వాళ్ల మెడలు అరిగింది రీల్స్ చూసి కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010 జాబితాలో కండరాలు, ఎముకల జబ్బులు వృత్తి వ్యాధులే. 2025 దాకా అమల్లో ఉన్న మన ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌లోని 29 వ్యాధుల్లో అవి ఉండేవి కావు. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. మిగతా చోట్ల కుర్చీ ఇవ్వని సమాజం టక్ శబ్దాన్ని అమ్ముతోంది.

మీకు సాయంత్రానికి పనికొచ్చే మాట చెప్పి ఆపుతా. అరగంటకోసారి లేవండి. పుస్తకాన్ని వాలుగా పెట్టే స్టాండ్ కొనండి, లేదంటే నాలుగు పాత గైడ్లు కింద పెట్టండి. 2011లో డెన్మార్క్ ఆఫీసు ఉద్యోగుల మీద చేసిన ప్రయోగంలో, సాగే రబ్బరు పట్టీతో రోజుకు 2 నిమిషాల భుజాల వ్యాయామమే 10 వారాల్లో నొప్పి తగ్గించింది. తగ్గకపోతే ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లండి. చేతులు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, నడక తూలినా, జ్వరంతో మెడ బిగిసినా, ఎన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా, ఆ రోజు టెస్ట్ వదిలేసి డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి.

ఈ వారం ఆన్సర్ రైటింగ్ ప్రశ్న (15 మార్కులు, 250 పదాలు): చట్టబద్ధ మండలి లేని చికిత్సా వృత్తులను నిషేధించాలా, నియంత్రించాలా? కేంద్ర రాష్ట్రాల అధికారాలు, వినియోగదారుల రక్షణ చట్టం 2019 నేపథ్యంలో చర్చించండి. ఆదివారం లోపు పంపితే దిద్ది పంపిస్తా. రాసేటప్పుడు మధ్యలో ఒకసారి లేచి నిలబడండి.