పలక నెగ్గింది, ఓడ నెగ్గాలి

రెండు ఉక్కు రేకుల నడుమ తేనెపట్టు అల్లిక ఉన్న శాండ్‌విచ్ పలక, అంతే బరువున్న దళసరి రేకు కన్నా నీటిలో పేలుడుకు తక్కువ వంగుతుందని అమెరికా ప్రయోగశాలలు చూపాయి. 2000 అక్టోబరులో ఏడెన్ రేవులో అమెరికా యుద్ధనౌక ‘కోల్’పై జరిగిన పేలుడు దాడిలో 17 మంది నావికులు బలయ్యారు. కాబట్టి పేలుడుకు తట్టుకునే ఓడల కోసం సాగే ఈ అన్వేషణ అవసరాన్ని ఎవరూ కాదనరు. పలుచని ముందు రేకు చటుక్కున వెనక్కి కదిలి ఆఘాతాన్ని తగ్గిస్తుంది, అల్లిక నలిగి మిగతా శక్తిని మింగుతుంది. కానీ పరీక్షకు పెట్టినవి చిన్న పలకలే. ఓడ పొట్టలో అడుగడుగునా వెల్డింగ్ అతుకులుంటాయి. బోలు అరల్లోకి ఉప్పునీరు చేరితే తుప్పును పసిగట్టడమే కష్టం, మరమ్మతు సరేసరి. 2021లో విమానవాహక నౌక ‘జెరాల్డ్ ఫోర్డ్’ చేరువలో ఒక్కోసారి 40 వేల పౌండ్ల పేలుడు జరిపి చూసిన అమెరికా నౌకాదళం ఇక్కడ తొందరపడకూడదు. సముద్రంలో ఏళ్ల తరబడి నానిన పలకలను, అతికి బాగుచేసిన పలకలను కూడా పేల్చి చూశాకే నిర్మాణానికి అనుమతివ్వాలి.