ఇంట్లో సిస్టమ్‌ని పారేయొద్దు, పాత విండోస్‌తో వదిలేయొద్దు

భీమడోలు, గుండుగొలను, పూళ్ల, ఆగడాలలంక, చుట్టుపక్కల ఊళ్ల వారందరికీ విజ్ఞప్తి



2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ కంపెనీ మద్దతు ఆపేసింది. ఆ రోజు మన ఇళ్లలో ఎవరి కంప్యూటరూ ఆగలేదు. మర్నాడు కూడా మీట నొక్కితే వెలిగింది, చెరువు లెక్కలు తెరుచుకున్నాయి, అమెరికాలో ఉన్న పిల్లలు తెరమీద కనిపించారు. అందుకే ఎవరూ పట్టించుకోలేదు. నా భయమంతా అదే.

చేపల చెరువున్న వారికి ఈ సంగతి చెప్పడం తేలిక. ఎండ్రకాయ గట్టులో బొరియ చేసిన రోజునే చెరువు ఖాళీ అయిపోదు. నీళ్లు నిండుగానే కనిపిస్తాయి. కాపలా మనిషి రోజూ గట్టంతా తిరిగి, చెమ్మ కనిపించిన చోటల్లా మట్టి కొట్టబట్టి చెరువు నిలుస్తోంది. నెలనెలా కంపెనీ పంపిన అప్‌డేట్లు ఇన్నాళ్లూ చేసింది ఆ పనే. ఇప్పుడు ఆ కాపలా మనిషి మానేశాడు. పైగా విండోస్ 11లో ఏ బొరియ పూడ్చారో చూసి, అలాంటిదే విండోస్ 10లో ఎక్కడుందో దొంగలు వెతుక్కుంటారు. వైరస్‌లను పట్టే డిఫెండర్‌కి 2028 అక్టోబరు దాకా కొత్త సమాచారం పంపుతామని కంపెనీ చెప్పిన మాట నిజం. అది దొంగను గుర్తుపట్టడానికి పనికొస్తుంది గాని గట్టు పూడ్చదు.

ఇది ఊరికే బెదిరించడానికి చెబుతున్న మాట కాదు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచంలో 150 దాకా దేశాలను పట్టుకుంది. ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. ఇంగ్లండులో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ వైరస్ దూరిన బొరియకు విరుగుడు అప్‌డేట్ రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. నష్టపోయిన వాళ్లలో ఎక్కువమంది దాన్ని ఎక్కించుకోని వాళ్లే. ఇప్పుడు విండోస్ 10 వాడుతూ మిన్నకుండే వారికైతే ఎక్కించుకోవడానికి అప్‌డేటే రాదు.

“మా ఇంట్లో ఏముందండీ దోచుకోడానికి?” అని నన్ను చాలామంది అడిగారు. మేత బిల్లులు, ఐసు బిల్లులు, లారీ లోడు లెక్కలు ఉన్నాయి. పొలం అడంగల్, 1బి కాపీలు ఉన్నాయి. పిల్లల పదో తరగతి మార్కుల జాబితా నుంచి ఎంసెట్ ర్యాంకు కార్డు దాకా ఉన్నాయి. ఆధార్ స్కాన్ చేసి పెట్టుకున్నాం. బ్యాంకు పాస్‌వర్డు బ్రౌజరే గుర్తుపెట్టుకునేలా వదిలేశాం. దొంగకు ఇంకేం కావాలి?

మా ఇంట్లో జరిగింది చెబుతాను. కొన్నేళ్ల కిందట సిస్టమ్ నెమ్మదించిందని ఒక దుకాణంలో ఇచ్చాం. ఆ పేరు ఇక్కడ అక్కర్లేదు. “విండోస్ కొట్టి సాయంత్రానికి ఇచ్చేస్తాం” అన్నారు. డిస్కులో ఏమేం ఉన్నాయని వాళ్లు అడగలేదు, మేమూ చెప్పలేదు. తిరిగొచ్చేసరికి మొత్తం ఫార్మాట్ అయిపోయింది. ద్వారకా తిరుమలలో చేసిన మా అమ్మాయి పెళ్లి ఫోటోలు పోయాయి. మూడు పంటల రొయ్యల లెక్కలు పోయాయి. మా నాన్నగారు పోయే ముందు ఏడాది, కొల్లేటిలో పడవల మీద తిరిగిన రోజుల గురించి చెబుతుంటే రికార్డు చేసిన ఫైళ్లు పోయాయి. లెక్కలు మళ్లీ రాసుకున్నాం. నాన్నగారి గొంతు మళ్లీ రాలేదు. ఈ కరపత్రం అచ్చు వేయించడానికి అసలు కారణం అదే.

కాబట్టి విండోస్ మార్చడం కన్నా ముందు చేయాల్సిన పని, ఉన్నదంతా బయట డిస్కులోకి కాపీ తీయడం. ఒక కాపీ ఇంట్లో, ఇంకొకటి వేరే ఊళ్లో చుట్టాలింట్లో పెట్టండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్లు మునిగిన సంగతి మనకు తెలుసు. బుడమేరైనా తమ్మిలేరైనా చివరికి వచ్చి చేరేది మన కొల్లేటిలోకే. ఒకే బీరువాలో దాచిన రెండు కాపీలూ ఒకే నీళ్లలో నానుతాయి.

ఇక మార్గాలు. మొదట మీ సిస్టమ్ విండోస్ 11కి సరిపోతుందేమో చూడండి. కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి. ఇంటెల్ అయితే మామూలుగా ఎనిమిదో తరం గాని, ఆపైది గాని ఉండాలి. ఐ3, ఐ5 అన్న అక్షరాల పక్కన 7100, 7400 లాంటి అంకె ఉంటే అది ఏడో తరం, సరిపోదు. 8100, 8400 అని ఉంటే సరిపోతుంది. “టీపీఎం లేదు” అని తెర చెప్పగానే నిరాశపడకండి, చాలా బోర్డుల్లో అది ఉండి కూడా బయోస్‌లో ఆపేసి ఉంటుంది. అక్కడ ఆన్ చేస్తే చాలు. అసలైన విండోస్ 10 ఉన్నవారికి 11 ఉచితం. ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటే దాని బదులు ఎస్ఎస్‌డీ వేయించండి. కొత్త సిస్టమ్ కొన్నంత తేడా కనిపిస్తుంది.

సరిపోని సిస్టమ్‌కి కంపెనీ ఒక ఏడాది గడువు ఇచ్చింది. విండోస్ 10లో 22హెచ్2 అనే వెర్షన్ ఉన్నవారు మైక్రోసాఫ్ట్ ఖాతాతో పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. సెట్టింగులు బ్యాకప్ చేసుకునే వారికి డబ్బు కూడా కట్టక్కర్లేదు. అయితే ఇది ఊపిరి తీసుకోవడానికి దొరికిన వ్యవధి మాత్రమే.

దయచేసి చేయకూడని పని ఒకటుంది. “రెండొందలు ఇవ్వండి, 11 కొట్టేస్తా” అనేవారి చేత క్రాక్ కాపీ ఎక్కించుకోవద్దు. క్రాక్ పనిచేయాలంటే ముందు డిఫెండర్‌ని ఆపమంటారు. కాపలా మనిషిని ఇంటికి పంపేసి, ముక్కూ మొహం తెలియని వాడికి తాళంచెవి ఇచ్చినట్టే కదా! దుకాణాల వారికి నా విన్నపం ఏమిటంటే, ఏం ఎక్కించారో, అది లైసెన్సుదో కాదో, డిస్కు చెరిపేశారో లేదో బిల్లు మీద రాసివ్వండి. చెరిపే ముందు మనిషిని అడగండి. మీ మీద జనానికి నమ్మకం పెరుగుతుంది.

నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది మూడో మార్గం గురించి. ఏడో తరం, ఆరో తరం, అంతకన్నా పాతవి మన ఇళ్లలో చాలా ఉన్నాయి. వాటిలో పాడైంది ఏమీ లేదు. వాటిని పాతసామాన్ల బండికి తూకానికి వేస్తే ఎక్కడో ఒకచోట వైర్లు కాల్చి రాగి తీస్తారు, మిగిలిన చెత్త ఏ కాలవలోనో పడుతుంది. మన కాలవలు ఎక్కడికి వెళ్తాయో మళ్లీ చెప్పాలా? కొల్లేటికి ఇప్పటికే చాలినంత మురికి చేరింది.

ఆ సిస్టమ్‌లలో విండోస్ బదులు లైనక్స్ వేసుకోవచ్చు. లైనక్స్ మింట్, ఉబుంటు లాంటివి ఉచితం, చట్టబద్ధం, క్రాక్‌తో పనే లేదు. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. నాలుగు జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది. డిస్కు ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేసి మళ్లీ ఆన్ చేస్తే మీ పాత విండోస్ అలాగే ఉంటుంది. బ్రౌజర్, వీడియో కాల్స్, యూట్యూబ్, ఎక్సెల్ షీట్లు తెరిచే లిబ్రే ఆఫీస్ అన్నీ వస్తాయి. తెలుగు చదవడం, రాయడం బాగుంటుంది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ డెబియన్ అనే లైనక్స్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారుచేసింది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి లైనక్స్ మీదే చదువుకుంటున్నారు. వాళ్ల పిల్లలకు వచ్చింది మన పిల్లలకు రాదా?

కష్టాలూ దాచను. ట్యాలీ నేరుగా నడవదు. ఫోటోషాప్ రాదు. జిరాక్సు షాపుల్లో కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్‌ని లైనక్స్‌కి అలవాటు చేయాలంటే ఓపిక కావాలి. డిజిటల్ సంతకం డాంగిల్ వాడేవారు ముందు పరీక్షించుకోవాలి. ఇలాంటి పనులున్నవారికి విండోస్ 11 సిస్టమే మేలు.

డీటీపీ వారి సంగతి వేరే చెప్పాలి. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కడుతున్నవారు ఉన్నారు. పేజ్‌మేకర్‌ని తయారుచేసిన కంపెనీ దాన్ని మెరుగుపరచడం మానేసి ఇరవై ఏళ్లు దాటింది. దానికోసం ఎక్స్‌పీ, విండోస్ 7 సిస్టమ్‌లు ఇంకా నడుపుతున్నారు. మీ పొట్టకూటి పనిముట్టు పారేయమని నేను అనను. ఆ సిస్టమ్‌కి నెట్ వైరు పీకేయండి, చాలు. పెన్‌డ్రైవ్ పెట్టే ముందు వేరే సిస్టమ్‌లో పరీక్షించండి. అను అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కొత్త పనులైనా యూనికోడ్‌లో మొదలుపెట్టండి.

ఇదంతా ఒక్కొక్కరం విడివిడిగా చేసుకోలేం. అందుకే నేను అడిగేది ఇది. పంచాయతీ వారు నెలకొక ఆదివారం, బడిలో ఒక గదిగాని పంచాయతీ హాలుగాని ఇవ్వాలి. కరెంటు పాయింట్లు, ఒక నెట్ కనెక్షన్ ఉంటే చాలు. తాడేపల్లిగూడెం నిట్ విద్యార్థులారా, ఏలూరు కాలేజీల పిల్లలారా, భీమడోలు మీకు రైలెక్కితే కాసేపటి ప్రయాణం. నలుగురు వస్తే పూటకు పది సిస్టమ్‌లు బాగుచేయొచ్చు. భోజనం మా ఇళ్లలో. ఇక్కడి ఇంటర్ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి, రెండు నెలలయ్యాక ఆ పని వాళ్లే చేస్తారు. పంచాయతీ ఆఫీసులో ఈ కోరికతో అర్జీ పెడుతున్నాను. ఒప్పుకునేవారు వచ్చి దాని కింద సంతకం చేయండి.

గది దొరికిన రోజున సీపీయూ, పవర్ వైరు తెచ్చుకోండి, మానిటర్ మోసుకురానక్కర్లేదు. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ మరిచిపోవద్దు. మైక్రోసాఫ్ట్ ఖాతా పాస్‌వర్డు కాగితం మీద రాసుకుని మీ దగ్గరే ఉంచుకోండి, మాకు చెప్పొద్దు. ఖాళీ ఎక్స్‌టర్నల్ డిస్కు ఉంటే తీసుకురండి. లేకపోతే నాది ఉంది, ముందు అందులోకి మీ ఫోటోలు తీసి, అవి తెరుచుకుంటున్నాయని మీరు చూశాకే సిస్టమ్ మీద చెయ్యి వేస్తాం.