అడవి నడకకు కట్టుబాటు కావాలి

జంగారెడ్డిగూడెం చెంత గురవాయిగూడెంలో మద్ది ఆంజనేయస్వామి కోవెలకు వేరే శిఖరం లేదు. స్వామి వెలసిన తెల్లమద్ది చెట్టే శిఖరం. ఎర్రకాలువ ఒడ్డున ఆ చెట్టు చుట్టూ 108 ప్రదక్షిణలు చేసే భక్తులు దాని కొమ్మ విరవాలని కలలోనైనా తలచరు. కాని బుట్టాయగూడెం ఏజెన్సీ అడవిలోని పాత చెట్లకు ఆ గౌరవం దక్కడం లేదు.

ఆ అడవి నడుమ వెలసిన గుబ్బల మంగమ్మ తల్లి దర్శనానికి ఆది, మంగళవారాల్లో జనం గుంపులుగా పోతున్నారు. ట్రాక్టర్లమీద, ఆటోలమీద వెళ్లేవారు కొందరు, వాగులు దాటుతూ నడిచేవారు కొందరు. భక్తితోపాటు చెట్ల నీడన నడవాలన్న కోరికతో వచ్చే యువకులూ వున్నారు. ఇది మంచిదే. అడవిని కాళ్లతో నడిచి చూసినవాడే దాని విలువ ఎరుగుతాడు.

అయితే గుంపు వెనక మిగిలేది ఏమిటి? ప్లాస్టిక్ సీసాలు, విస్తళ్లు, చెట్ల మొదళ్లలో మసిబారిన పొయ్యిరాళ్లు. వేసవిలో ఎండుటాకుల మీద ఆర్పని బీడీ ముక్క ఒక్కటి చాలు, కొండ అంటుకోవడానికి. మంటకు లేతమొక్కలు ముందు పోతాయి. పెద్ద చెట్టు నిలిచినా మొదలు కాలి, క్రమంగా తొర్రపడి, గాలివానకు కూలుతుంది. నూరేళ్లు పెరిగిన మద్దికి బదులు నూరు మొక్కలు నాటినా మన జీవితకాలంలో ఆ లోటు తీరదు.

అడవి సంగతి మనకెందుకని మెట్ట రైతుగాని, డెల్టా రైతుగాని అనుకోరాదు. పెద్ద చెట్ల కింద పరుచుకున్న ఆకుల మెత్త వాననీటిని పీల్చి, నెమ్మదిగా వాగులకు వదులుతుంది. అది పోతే నీరు మట్టితోసహా ఒక్కసారిగా దిగుతుంది. ఏజెన్సీ కొండలనుంచి దిగే జల్లేరు ఎర్రకాలువలో కలుస్తుంది. 2024 జూలైలో ఆ కాలువ పొంగి తాడేపల్లిగూడెం, నిడదవోలు ప్రాంతాల వరిచేలు ముంపుపాలైన సంగతి రైతులు మరువలేదు. కుంభవృష్టిని ఏ అడవీ పూర్తిగా ఆపలేదు. అయినా ఆకుల మెత్త, వేళ్లు వున్న కొండ వరద వేగాన్ని కొంత తగ్గిస్తుంది, జలాశయాల్లో పూడికనూ తగ్గిస్తుంది.

నడకకు హద్దులు పెట్టడం కొత్త కాదు. గోదావరి సముద్రంలో కలిసేచోట, కాకినాడ చెంత కోరంగి మడ అడవిలో సందర్శకులకు కర్రల దారి కట్టారు. జనం దానిమీదనే నడుస్తారు గనుక బురదలోని వేళ్లు తొక్కిడి పడవు. పాపికొండల అడవినయితే 1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. అనుమతి లేనిదే అందులో అడుగు పెట్టరాదని చట్టం వున్నది. ఆ కొండల అంచున వుండే దారులకూ ఒక పద్ధతి వుండడం న్యాయం.

కనుక అటవీశాఖ, పంచాయతీలు కలిసి కొన్ని పనులు చేయవలసి వున్నది. గుడికి ఒకే దారి నిర్ణయించి, పక్కదారులు మూయాలి. అడవి మొదట్లో సీసాలు లెక్కపెట్టి, కొంత సొమ్ము జమ పుచ్చుకొని, ఖాళీ సీసా తిరిగి తెచ్చినవారికి ఆ సొమ్ము ఇవ్వాలి. వంటలు అడవి బయట, నీరున్న బయలులోనే సాగాలి. వాగులు పొంగే రోజుల్లో నడక ఆపాలి. ప్రతి గుంపు వెంట దారి తెలిసిన కోయ, కొండరెడ్డి యువకుణ్ణి పంపి, కూలి అతని చేతికే అందేలా చూడాలి. ఏది ఇప్ప, ఏది ఏగిస, ఏ తొర్రలో పక్షి గూడు వున్నదో అతనికి తెలిసినంతగా పట్నంవారికి తెలియదు.

మనవంతు కూడా వున్నది. తీసుకువెళ్లినది తిరిగి తెచ్చుకోవడానికి ఏ అధికారి ఉత్తర్వూ అక్కరలేదు. ఆకు రాలి, ఎండలు ముదరకముందే అధికారులు ఈ ఏర్పాట్లు చేస్తారని ఆశిద్దాం.